క్యూబ్ రోబోకు కొసియెంబా సాల్వర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

రూబిక్స్ క్యూబ్‌ను తానే పరిష్కరించే రోబో కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ సాల్వర్, అంటే ఏ ముఖాన్ని ఎలా తిప్పాలో వెతికిపెట్టే ప్రోగ్రామ్, మంచిదని. నేను చాలాకాలంగా వాడుతున్నది హెర్బర్ట్ కొసియెంబా పైథాన్‌లో రాసిన రూబిక్ టూఫేజ్ ప్యాకేజీ. ఉచితం, కోడ్ మొత్తం తెరిచి చూసుకోవచ్చు. జవాబు వెతకడంలో దీనికి వంక పెట్టలేను. రోబో మొరాయించేది దాదాపు ఎప్పుడూ రంగులు చదివే దగ్గరే, పని అంతా అక్కడే ఉంది.

సాల్వర్ లోపలి లెక్క నాకు ఎంతో ఇష్టం. క్యూబ్‌ను ఒక్క ఊపులో పరిష్కరించాలని చూడదు. పై, కింది ముఖాలను ఎలాగైనా, పక్క నాలుగింటిని సగం చుట్టు మాత్రమే తిప్పి ముగించగల స్థితికి ముందు తెస్తుంది. రెండో దశలో ఆ మూవ్‌లతోనే (ముఖాన్ని ఒకసారి తిప్పడం ఒక మూవ్) పూర్తి చేస్తుంది. ఒక జవాబు దొరికాక కూడా, మనమడిగిన పొడవుకు చేరేదాకా లేదా ఇచ్చిన సమయం అయ్యేదాకా ఇంకా చిన్నది వెతుకుతుంది. ఏ క్యూబైనా 20 మూవ్‌లకు మించి అక్కర్లేదని 2010లో నిరూపించిన బృందంలో కొసియెంబా ఒకరు. ఈ ప్యాకేజీ రాస్ప్‌బెర్రీ పై 3 లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు మీద కూడా కొన్ని సెకన్లలో, సగటున 20 లోపు మూవ్‌లతో జవాబిస్తుంది.

మొదటిసారి నడిపినప్పుడు వెతకడానికి వాడుకునే సుమారు 80 ఎంబీ పట్టికలు తయారు చేసుకుంటుంది. అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ ఫైళ్లను వేరేచోట కాపీ చేసి పెట్టుకుంటే మెమరీ కార్డు పోయినా మళ్లీ ఎదురుచూడక్కర్లేదు.

జవాబులో ముఖం అక్షరం పక్కన 1, 2, 3 అని అంకె వస్తుంది. చుట్టుకు 200 స్టెప్పుల మోటారైతే 1కి 50 (పావు చుట్టు), 2కి 100 (సగం చుట్టు), 3కి వెనక్కి 50. ముఖానికో మోటారు ఉన్న రోబోకు ఇంతకంటే ఏం కావాలి! రెండు గ్రిప్పర్లతో (క్యూబ్‌ను పట్టుకునే చేతులతో) పనిచేసే రోబోకు మాత్రం అంత హాయిగా ఉండదు. కొన్ని ముఖాలు తిప్పాలంటే క్యూబ్‌ను మొత్తంగా తిప్పి మళ్లీ పట్టుకోవాలి. కాబట్టి 19 మూవ్‌ల జవాబు కంటే 21 మూవ్‌లది ముందు అయిపోవచ్చు. సాల్వర్ మూవ్‌లనే లెక్కపెడుతుంది, పట్టు మార్చే ఖర్చు మన కోడే చూసుకోవాలి.

ఇక రంగులు. సాల్వర్‌కు 54 అక్షరాలు, అంటే ఒక్కో స్టిక్కర్ రంగు ఏ ముఖానిదో చెప్పే అక్షరం, సరిగ్గా అందాలి. తప్పుంటే పట్టేస్తుంది, కానీ తప్పు చదివిన స్టిక్కర్ ఇదీ అని చూపించదు. ఎరుపు, నారింజ దగ్గర టెన్షన్ మామూలే, పసుపు వెలుతురులో తెలుపు కూడా మోసం చేస్తుంది. కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుతురు సర్దుబాటు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంచకండి. ఏ రంగు ఎక్కడిదాకా అని ముందే హద్దులు గీసి పెట్టకుండా, అప్పటికప్పుడు ముఖాల మధ్యనుండే ఆరు సెంటర్ స్టిక్కర్లతో పోల్చి, ఒక్కో రంగుకు తొమ్మిదేసి వచ్చేలా పంచడం చాలా నయం.

అంతకంటే బాగా పనిచేసేది స్టిక్కర్లను విడిగా కాక ముక్కలుగా చదవడం. మామూలు క్యూబ్‌లో ఎరుపు, నారింజ ఎదురెదురు ముఖాలు, ఒకే ముక్క మీద రెండూ ఉండవు. పైగా ఎనిమిది మూలముక్కల్లో ఏదీ రెండుసార్లు రాదు. తెలుపు, నీలం, ఎరుపు మూల ఇప్పటికే కనిపించిందంటే, తెలుపు, నీలం పక్కన అనుమానంగా ఉన్న మూడో స్టిక్కర్ నారింజే. ఈ తనిఖీ సాల్వర్‌కు పంపకముందే పెట్టుకోండి.