బోర్న్‌విల్‌లో పబ్బు లేదు, మా అద్దె ఇంట్లో చోటు లేదు

బావమరిది పట్టా పుచ్చుకుంటున్నాడని జులైలో తెనాలి నుంచి అత్తగారు, మామగారు వచ్చారు. వాడు చదివింది బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో. మేముండే రెడింగ్ నుంచి రైల్లో హాయిగా వెళ్లాం. గ్రేట్ హాల్‌లో ఫంక్షన్ బాగా జరిగింది, ఫొటోలు బాగా వచ్చాయి. ఆ సంగతి అంతటితో సరి. నేను రాయాలనుకున్నది నాలుగు రాత్రులకి 532 పౌండ్లు లాగిన ఒక అద్దె ఇంటి గురించి, అందులో కూర్చోలేక రోజూ కాళ్లీడ్చుకుంటూ వెళ్లిన, క్యాడ్‌బరీ చాక్లెట్ ఫ్యాక్టరీ ఉన్న బోర్న్‌విల్ గురించి.

పట్టాలిచ్చే వారంలో యూనివర్సిటీ చుట్టుపక్కల రేట్లు మండిపోతాయి. వెతగ్గా వెతగ్గా ‘బోర్న్‌విల్‌లో విశాలమైన ఇల్లు, చాక్లెట్ ఫ్యాక్టరీకి 5 నిమిషాల నడక’ అని ఒకటి కనిపించింది. రాత్రికి 118 పౌండ్లు, క్లీనింగ్‌కి ఇంకో 60, తిరిగిచ్చే డిపాజిట్ 150. నేను ఇంకా ఆలోచిస్తుంటే మామగారే ఖాయం చేయించారు. మన బోర్న్‌వీటాకి ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చిందని ఎక్కడో చదివారట. “చిన్నప్పుడు వీడి చేత డబ్బాలకి డబ్బాలు తాగించాం, ఊరు చూడకపోతే ఎలా అల్లుడుగారూ” అన్నారు.

తీరా దిగితే అది బోర్న్‌విల్ కాదు, పక్కనున్న సెల్లీ ఓక్. స్టూడెంట్లు అద్దెకుండే వీధి, ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్లు. ఫ్యాక్టరీకి నా నడకతో 26 నిమిషాలు, అత్తగారి నడకతో 40. మాకిచ్చింది అటక. కప్పు రెండు వైపులా వాలుగా దిగుతుంది కాబట్టి మనిషి నిటారుగా నిలబడగలిగేది మధ్యలో నాలుగడుగుల మేర మాత్రమే. ఫొటోలన్నీ నేల మీద కూర్చుని తీశారని అప్పుడు అర్థమైంది. మామగారు పొడగరి. మొదటి గంటలోనే మూడుసార్లు తల కొట్టుకున్నారు. మూడోసారి ఏమీ అనకుండా మంచం మీద కూర్చుండిపోయారు. ఆయన ఏమీ అనలేదంటే మా ఆవిడకి టెన్షన్.

స్నానాల గది వంటింటి మూలనే ఒక గాజు పెట్టె. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు టీ పెట్టుకునే వీల్లేదు. కిటికీ జానెడు మాత్రమే తెరుచుకుంటుంది. అసలే జులై. ఇంటాయనకి మెసేజ్ పెడితే ‘ఫొటోలు సరిగ్గా చూసుకుని బుక్ చేసుకోవాల్సింది’ అని జవాబు.

శుక్రవారం పొద్దున కాలువ గట్టు వెంట బోర్న్‌విల్‌కి నడిచాం. దారి బాగుంది. ఊళ్లోకి వెళ్లాక మాత్రం మామగారి ముఖం విచ్చుకుంది. వీధికి రెండు వైపులా చెట్లు, ప్రతి ఇంటి ముందూ తోట, ఏ ఇల్లూ పక్కింటి మీద పడిపోతున్నట్టు లేదు. గాలి అటు నుంచి వీస్తే కోకో వాసన.

దీని వెనక కథ చిన్నది కాదు. క్యాడ్‌బరీ అన్నదమ్ములు రిచర్డ్, జార్జ్ 1879లో బర్మింగ్‌హామ్ నడిబొడ్డు నుంచి ఫ్యాక్టరీని ఈ పొలాల్లోకి మార్చారు. పక్కన పారే బోర్న్ వాగు పేరుకి ఫ్రెంచివాళ్ల ‘విల్’ (ఊరు అని అర్థం) తగిలించారు. చాక్లెట్ అంటే ఫ్రాన్స్‌దే అనుకునే రోజులవి. జార్జ్ ఏళ్ల తరబడి నగరంలో వయోజనుల బడిలో పాఠాలు చెప్పినవాడు. శిష్యుల ఇళ్లకి వెళ్లి చూస్తే మూడు వైపులా వట్టి గోడలే, ఒకే వైపు తలుపు, కిటికీ. ఇలాంటి ఇళ్లలో ఉన్నవాడికి నీతులు చెప్పి ఏం లాభం అనిపించింది కాబోలు, 1893లో 120 ఎకరాలు కొని, 1895 నుంచి ఇళ్లు కట్టించాడు. ఇల్లు స్థలంలో పావు వంతుకి మించకూడదు, మిగతాది తోట. విలియం అలెగ్జాండర్ హార్వే అనే కుర్ర ఆర్కిటెక్టు గీసిన ఇళ్లే చాలా వరకు. పండ్ల చెట్లు కూడా నాటించే ఇచ్చేవారు. తొలినాటి కొన్ని చిన్న ఇళ్లలో స్నానపు తొట్టి వంటింటి నేలలోనే ఉండి, పైన చెక్క మూత ఉండేదట. అది విని మా ఆవిడ నా వంక చూసింది. మన గాజు పెట్టె కంటే నయమే.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క వేరే. మొదట్లో జార్జ్ ఇళ్లని 999 ఏళ్ల లీజుకి తక్కువ ధరకే ఇచ్చాడు. కొన్నవాళ్లలో కొందరు వెంటనే ఎక్కువకి అమ్ముకోవడం మొదలుపెట్టారు! దాంతో 1900లో 330 ఎకరాలు, 313 ఇళ్లు ట్రస్టుకి రాసిచ్చేశాడు. ఇక నుంచి సొంత లాభానికి ఎవరూ వాడుకోవడానికి లేదు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకే అనే నియమమూ పెట్టలేదు. ఫ్యాక్టరీ 2010లో క్రాఫ్ట్ అనే అమెరికా కంపెనీ చేతికి పోయింది, ట్రస్టు మాత్రం అలాగే ఉంది. నూట పాతికేళ్ల కిందట పెద్దాయన అంత జాగ్రత్తపడితే, ఇప్పుడు పక్క వీధిలో ఆ ఊరి పేరు పెట్టుకుని అటక అద్దెకిస్తున్నారు.

సెల్లీ మానర్ తప్పకుండా చూడండి. ట్యూడర్ రాజుల కాలం (సుమారు 1500లు) నాటి కొయ్య ఇల్లు. దీని అసలు చోటు మేం దిగిన వైపే. పడగొట్టేస్తారని జార్జ్ 1907లో కొని, దూలం దూలం విప్పించి ఇక్కడ మళ్లీ నిలబెట్టించాడు. 1916కి పని పూర్తయింది. టికెట్టు ఐదు పౌండ్లకి అటూ ఇటూ. తెరిచే రోజులు ముందే చూసుకోండి. పక్కనే మిన్‌వర్త్ గ్రీవ్స్ అని ఇంకా పాత హాలొకటి ఉంది. అదీ వేరే చోట విప్పి తెచ్చిందే. మామగారు దాని మధ్యలో నిలబడి, చెయ్యి పైకెత్తి, “ఇదిగో, ఇదీ కప్పంటే” అన్నారు. రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

ఫ్యాక్టరీ పక్కనున్న చాక్లెట్ ప్రదర్శన, క్యాడ్‌బరీ వరల్డ్‌కి తలకి ఇరవై పౌండ్ల పైనే అవుతుంది. అది ఫ్యాక్టరీ లోపలి టూర్ కాదని తెలుసుకుని వెళ్లండి. పిల్లలుంటే వెళ్లొచ్చు. మేం దుకాణంతో సరిపెట్టుకున్నాం. అత్తగారు తెనాలిలో పంచడానికి 31 పౌండ్ల చాక్లెట్లు కొన్నారు.

సాయంత్రం అయిదింటికి మామగారికి చల్లగా ఒక బీరు తాగాలనిపించింది. పచ్చిక మైదానం చుట్టూ తిరిగాం, దుకాణాల వరస చూశాం. ఎక్కడా పబ్బు లేదు. క్యాడ్‌బరీలు క్వేకర్లు, మద్యం గిట్టని క్రైస్తవ శాఖ వాళ్లు. జార్జ్ కట్టించిన ఈ పేటలో ఇప్పటికీ పబ్బుకి చోటు లేదు. “ఇంత మంచి మనిషి ఇదొక్కటి ఎందుకు చేశాడయ్యా” అని ఆయన వాపోతుంటే, నేనూ ఆయనా పదిహేను నిమిషాలు నడిచి పక్కపేట స్టర్చ్‌లీ వెళ్లాం. పింటు (అర లీటరు పైచిలుకు) బీరు 5.40 పౌండ్లు. పొలిమేర దాటగానే వరసగా పబ్బులు.

మేం తిరిగొచ్చేసరికి ఆడవాళ్లిద్దరూ ఒక ఇంటి గేటు దగ్గర ఉన్నారు. ఆ ఇంటి పెద్దావిడకి తన ఆపిల్ చెట్టు చూపించే సరదా, మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ పాదుల మధ్య అరగంట తిరిగారట. కర్రలకి ఎగబాకిన చిక్కుడు తీగ, ఎర్ర పూలు, చేతి పొడవు కాయలు. ఆవిడ ఒక పావుకిలో తుంచి కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బివ్వబోతే అత్తగారి చేతిని మూసేసింది.

ఆ రాత్రి అటకలో బీన్స్ వేపుడు, వేడన్నం, రెడింగ్ నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి. కాయ కాస్త ముదురే, పక్కల నార తీయాల్సి వచ్చింది, కానీ ఆ ట్రిప్పు మొత్తానికి తిన్నదాంట్లో అదే భోజనం. నలుగురం మంచాల అంచు మీద కూర్చుని తిన్నాం.

శనివారం మధ్యాహ్నం 12 గంటలకి బోర్న్‌విల్ బడి గోపురం మీద గంటలు వాయించారు. 1906 నాటి గోపురం, అందులో వేలాడే గంటలు 48. మీటల మీద పిడికిళ్లతో కొడుతూ అన్నిటినీ ఒక్క మనిషే వాయిస్తాడు. పచ్చిక మీద కూర్చుని వినొచ్చు, పైసా ఖర్చు లేదు. మళ్లీ మూడింటికి ఉందని తెలిసి మామగారు అక్కడే ఉండిపోయారు. అటకకి వెళ్లడం ఇష్టం లేక అని మా ఆవిడ అంది.

రెడింగ్ చేరిన మూడో రోజు డిపాజిట్‌లో 110 వెనక్కి వచ్చాయి. మిగతా 40కి లెక్క ఒక ఫొటో: తెల్లటి వంటింటి బల్ల మీద రూపాయి బిళ్లంత పసుపు మరక. అత్తగారు నిమ్మచెక్కతో రుద్దారు, పళ్లపేస్టుతో రుద్దారు. ఎండ తగిలితే పసుపు దానంతటదే పోతుంది, కానీ ఆ జానెడు కిటికీలోంచి బల్ల మీదికి ఎండ ఎక్కడ పడుతుంది? నేను ఇంగ్లీషులో పెద్ద జవాబు రాస్తుంటే మామగారు ఫోన్‌లో ఆ 40 పౌండ్లకి రూపాయల్లో లెక్క కట్టారు. “పావుకిలో చిక్కుడుకాయలు నాలుగువేల ఆరొందలు పడ్డాయే,” అని అత్తగారితో అన్నారు. ఆవిడ, “ఆమె డబ్బు తీసుకోలేదుగా,” అని లోపలికి వెళ్లిపోయారు.