గుర్రం కాలి గాయం: పీఆర్‌పీ మేలా, కోసి కట్టు కట్టడం మేలా?

పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు చిక్కబడిన ప్లాస్మా) చేయించమంటారా అని ఈ వానాకాలంలో నన్ను అడిగినంతగా మునుపెన్నడూ ఎవరూ అడగలేదు. యలహంక, హెసరఘట్ట చుట్టుపక్కల గుర్రాలు పెంచుకుంటున్న మన తెలుగువాళ్ళూ, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి ఊరేగింపు గుర్రాలను బెంగళూరుకు వైద్యానికి తెచ్చేవాళ్ళూ ముళ్ళకంచె కోసిన కాలి ఫోటో పంపి మొదట అడిగేది అదే. జుట్టు రాలుతున్నదనీ మోకాలు నొప్పి అనీ మనుషులకు ఈ నగరంలో విరివిగా ఇస్తున్న చికిత్స కాబట్టి ఆ పేరు అందరికీ పరిచయమే, డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అంటే ఏమిటో వివరించవలసిన అవసరమూ లేదు. గాయం కీలులోకి దిగిందో లేదో చూపించారనీ, ధనుర్వాతం టీకా సంగతి మరచిపోలేదనీ అనుకొని నేరుగా పీఆర్‌పీకీ, గాయంలో ఉబ్బిన కండను కోసి కట్టు కట్టడానికీ మధ్య పోలికలోకి వెళ్తాను.

పీఆర్‌పీకి అనుకూలంగా చెప్పవలసింది ముందు చెప్పడం న్యాయం. మెడ సిర నుంచి, రక్తం గడ్డకట్టకుండా సిట్రేటు కలిపిన సిరంజీలోకి యాభై అరవై మిల్లీలీటర్ల రక్తం తీసి, రెండు విడతలుగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ప్లేట్‌లెట్లు చిక్కబడిన కొద్దిపాటి ప్లాస్మా మిగులుతుంది; దానికి కాల్షియం క్లోరైడు చేరిస్తే జున్నులా గడ్డకట్టి గాయపు గుంటలో కుదురుకుంటుంది. గుర్రం రక్తంలో ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అతుక్కొని త్వరగా అడుక్కు దిగిపోతాయి కాబట్టి, సెంట్రిఫ్యూజ్ లేని లాయంలో సైతం రక్తాన్ని కొంతసేపు కదపకుండా నిలబెట్టి పైకి తేలిన ద్రవాన్ని వాడుకునే వీలుంది. ఆవు రక్తంతో ఈ పని జరగదు. ఆ జంతువు సొంత రక్తమే గనుక వికటించే భయం తక్కువ. ప్లేట్‌లెట్లలో దాగిన పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, టీజీఎఫ్-బీటా వంటి పెరుగుదల కారకాలు కొత్త రక్తనాళాలనూ కొత్త కండనూ పిలుస్తాయి. గుర్రం గాయాల మీద పీఆర్‌పీ జెల్‌ను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించినవారు, పై చర్మపు పొర త్వరగా రూపు కట్టిందనీ కొల్లాజెన్ పోగులు మరింత క్రమంగా అమరాయనీ రాశారు. ఇవాళ్టి ఉత్సాహానికి మూలం అటువంటి ఫలితాలే.

అయితే నా దృష్టిలో విషయాన్ని తేల్చేది పీఆర్‌పీని ఎంత చక్కగా తయారుచేశారన్నది కాదు. గాయం ముందుకాలి మోకాలికి, లేదా వెనుకకాలి మధ్యనుండే హాక్ కీలుకు, పైన ఉన్నదా కింద ఉన్నదా అన్నదే తేలుస్తుంది. ఒంటి మీద, తొడ మీద, రొమ్ము మీద చర్మం వదులుగా ఉంటుంది, కింద కండ ఉంటుంది. అక్కడి గాయం ప్రధానంగా అంచులు దగ్గరికి ముడుచుకోవడం వల్ల మానుతుంది కాబట్టి అరచేయంత గాయం కూడా కొన్ని వారాలకు చిన్న గీతగా మిగులుతుంది. మోకాలి కింద కండ లేదు. ఎముక, స్నాయువులు, వాటిపై బిగుతుగా పరచిన చర్మం మాత్రమే ఉన్నాయి. అక్కడ ముడుచుకోవడం త్వరగా ఆగిపోయి, అంచుల నుంచి పలుచని పొర పాకుతూ రావడం మీదే భారమంతా పడుతుంది. ఆ పాకుడు ఒంటి మీద రోజుకు సుమారు 0.2 మిల్లీమీటరు అయితే, కాలి మీద సుమారు 0.09 మిల్లీమీటరని పాత కొలతలు చెబుతున్నాయి. ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న గాయానికి రెండు వైపుల నుంచీ చెరి మూడు సెంటీమీటర్లు పాకవలసి ఉంటే, లెక్క పదకొండు నెలలకు చేరుతుంది. ఈలోగా గాయం మధ్యలో కొత్తగా పుట్టే ఎర్రటి కండ అంచులను దాటి ఉబ్బితే, పాకుతున్న పొర ఆ గట్టును ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది. ఆ ఉబ్బునే మనవాళ్ళు దుర్మాంసం అంటారు.

దీన్నిబట్టి చూస్తే, కాలి గాయానికి లోటుగా ఉన్నది కండను పెంచే సంకేతం కాదు, దాన్ని ఆపే సంకేతం. మచ్చ కణజాలాన్ని పెంచే టీజీఎఫ్-బీటా1 ఒంటి గాయాల్లో కంటే కాలి గాయాల్లో ఎక్కువకాలం నిలిచి ఉంటుందని ఇదివరకే తేలింది, పీఆర్‌పీతో మనం తెచ్చి పోసేదీ దాన్నే. కెనడాకు చెందిన క్రిస్టీన్ థియోరే భాగస్వామిగా 2009లో వెలువడిన అధ్యయనంలో ఆరు గుర్రాల ముందుకాళ్ళ మీద మోకాలి దిగువన గాయాలు చేసి, ఒక కాలికి పీఆర్‌పీ పెట్టి, రెండవ కాలికి వట్టి కట్టు మాత్రమే కట్టి పోల్చారు. పీఆర్‌పీ పెట్టిన కాలిలోనే దుర్మాంసం ఎక్కువగా పెరిగింది, తొలి వారాల్లో గాయం మానడం వెనకబడింది. చర్మం విస్తారంగా ఊడిపోయిన గాయాలకో, కదలిక లేకుండా మొండికేసిన పాత గాయాలకో ఇది తగవచ్చునని ఆ రచయితలే చివర సూచించారు. ఈ సూచనను వదిలేసి తొలి సగాన్ని మాత్రమే చెప్పేవారూ ఉన్నారు, అదీ సరికాదు.

ఈ సంగతి నాకు చదివినందువల్లనే బోధపడలేదు. కొన్నేళ్ళ కిందట ఒక పోటీ గుర్రం ఫెట్‌లాక్ (గిట్టకు పైనుండే కీలు) మీది గాయానికి నేనే వారానికొకసారి చొప్పున మూడుసార్లు పీఆర్‌పీ పెట్టి, చివరకు నేనే కత్తి పట్టి ఆ ఉబ్బునంతా కోసివేయవలసి వచ్చింది. అదే ఏడాది ఒక మగ గుర్రపు పిల్ల రొమ్ము మీద చర్మం పెద్ద పొరగా లేచిపోయిన గాయానికి అదే పద్ధతిలో తయారుచేసిన జెల్ పెడితే, గుంట పూడిన తీరు చూసి నేనే ఆశ్చర్యపోయాను. రొమ్ము గాయాలు ఎలాగూ బాగా మానతాయి గనుక అందులో జెల్ వాటా ఎంతో చెప్పడం కష్టమే.

ఇక కోసి కట్టు కట్టడం. దుర్మాంసంలో నరాలు ఉండవు కాబట్టి కోత నొప్పి కలిగించదు. రక్తం మాత్రం ధారగా కారుతుంది, చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. రక్తం కింది భాగాన్ని కమ్మేయకుండా కింది నుంచి పైకి కోస్తూ, అంచుల నుంచి పాకుతున్న లేత గులాబీ పొర జోలికి పోకుండా, చర్మపు మట్టానికి కొద్దిగా కిందికి దించాలి. ఆ పైన బిగుతైన కట్టు అవసరం. అయితే కట్టు గాలిని తగ్గించి తానే దుర్మాంసాన్ని రేపుతుంది కనుక మార్చిన ప్రతిసారీ చూసుకొని, ఉబ్బు మొదలైతే కొద్దిరోజులు స్టెరాయిడ్ లేపనం రాయవలసి ఉంటుంది. ఇందులో ఆకర్షణ ఏమీ లేదు, ఓపిక కావాలి, గుర్రాన్ని చూసుకునే సైసు చేతి శుభ్రత కావాలి, కట్ల ఖర్చు నెలల తరబడి సాగుతుంది. అయినా మోకాలి కింది గాయానికి నా ఓటు దీనికే. రెండు మూడుసార్లు కోసినా కదలకపోతే లోపల చచ్చిన ఎముక ముక్క ఉన్నదేమోనని ఎక్స్‌రే తీయించాలి. ఈగలు ముసిరే కాలంలో గాయంలో పసుపుపచ్చని గట్టి గింజల వంటివి కనబడితే పురుగుల వల్ల వచ్చే పుండు అని అనుమానించాలి. ఈ రెండింటికీ పీఆర్‌పీ పనికిరాదు.

గాయం వెడల్పుగా ఉండి, మధ్యకు పొర చేరడం అసాధ్యమనిపిస్తే చర్మపు ముక్కలు నాటడం ఉత్తమం. జూలు కింద మెడ చర్మం నుంచి ఆరు మిల్లీమీటర్ల బిళ్ళలు తీసి, చదునైన శుభ్రమైన ఎర్రటి కండలో ముందే చేసిన చిన్న గుంటల్లో వరుసగా గుచ్చుతారు. గుర్రాన్ని పడుకోబెట్టనక్కరలేదు, మత్తు మందుతో నిలబెట్టే చేయవచ్చు. కొద్దిరోజులకు ఆ బిళ్ళల పైపొర నల్లబడి రాలుతుంది, అది చూసి అన్నీ చచ్చిపోయాయని యజమానులు బెంబేలెత్తి ఫోన్ చేస్తారు, కానీ అడుగున ప్రాణం నిలిచే ఉంటుంది, రెండు మూడు వారాలకు గులాబీ చుక్కలు తేలి ఒకదానివైపు ఒకటి పాకుతాయి. ఒక్క అంచు నుంచి పాకవలసిన పొర ఇప్పుడు ఇరవై చోట్ల నుంచి పాకుతుంది గనుక నెలలు ఆదా అవుతాయి.

తేనె తొలి వారాల్లో మంచిదే, సిల్వర్ సల్ఫాడయాజిన్ చీము ఉన్నన్నాళ్ళు చాలు, ఉమ్మనీటి పొర దొరికితే కట్టు కింద బాగా పనిచేస్తుంది కానీ ఇక్కడ దొరకడం అరుదు. మైలుతుత్తం దుర్మాంసంతో పాటు పక్కనున్న మంచి పొరనూ కాల్చేస్తుంది, వద్దు.

ఈ వ్యాసం రాయించిన గుర్రం ఏడేళ్ళ మార్వాడీ ఆడగుర్రం. హిందూపురం నుంచి వచ్చేనాటికి మరొక చోట మూడు విడతల పీఆర్‌పీ అయి, వెనుక కాలి ఎముక మీద ఉల్లిగడ్డంత ఉబ్బు ఉంది. రెండుసార్లు కోసి, మూడవ వారంలో ఇరవై ఆరు బిళ్ళలు నాటాను, పంతొమ్మిది పట్టాయి. అక్కడ వెంట్రుకలు చెదురుమదురుగా, తలో దిక్కుకూ వస్తాయని యజమానికి ముందే చెప్పాను. "గజ్జెల పట్టీ సరిగ్గా అక్కడే కడతాం డాక్టర్ గారూ, మాఘమాసం ముహూర్తాలకు నడిస్తే చాలు" అన్నారాయన.