బండ్ల గంజాయి దొరికితే కేసు ముప్పు డ్రైవర్‌కు ఎక్కువా, పక్కన కూసున్నోనికి ఎక్కువా?
ములుగు రోడ్ల చెకింగ్ ఉందనుకో, కారు ఆపి డిక్కీ తెరిస్తే బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు బయటపడ్డయ్. డ్రైవర్ తప్పించుకునుడు చాన కష్టం, తాళంచెవి ఆయన దగ్గర్నే ఉంటది, డిక్కీ తీసేది ఆయనే, ఇగ నాకు తెల్వదు అంటే నడ్వది, మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 35వ సెక్షన్ కింద తెల్వదని ఆయనే రుజువు చేస్కోవాలె. బండి కూడ జప్తయితది. కిరాయి బండైతే ఓనర్ పరిస్థితి తల్చుకుంటేనే బాధయితది, ఆయనకూ అదే తిప్పలు.

పక్కన కూసున్నోని లెక్క వేరే. ఒట్టిగ బండ్ల ఉన్నందుకే నేరం కాదు, సరుకు ఉన్నదని తెలిసి, దాని మీద పట్టు కూడ ఉండాలె, లిఫ్ట్ అడిగి ఎక్కినోనికి ఇదే ఆసరా. కానీ బ్యాగు కాళ్ల కాడనే ఉండి, అందరు దోస్తులే అయితే కోర్టు నమ్ముడు కష్టం, 2003ల మదన్‌లాల్ కేసుల సుప్రీంకోర్టు కారుల కలిసి పోయినోళ్లను కూడ వదల్లే.

జేబులు వెతికే ముందు మెజిస్ట్రేట్ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ఉండాలని అడిగే హక్కు ఇద్దరికీ ఉంది, బండి సోదాకు మాత్రం అది వర్తించది. శిక్ష కూడ ఇద్దరికీ ఒక్కటే: కిలో లోపు ఏడాది దాక, 20 కిలోలు దాటితే పదేండ్లకు తక్కువ పడది, బెయిల్ కూడ అంత తొందరగ రాదు.