రెండు మోకాళ్లూ మార్పించుకున్నాక ఇన్నేళ్లకి నా మాట

ఎడమది 2018లో, కుడిది ఆ మరుసటేడు చేయించుకున్నాను. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆపరేషన్ అయిన మూడు నెలలకే అద్భుతం అని రాసేసేవాళ్లు ఉంటారు గానీ, ఇది అంత తొందరగా తేలే విషయం కాదు.

ముందు మంచి చెప్తాను. నొప్పి పోయింది. గుజ్జు అరిగి ఎముకా ఎముకా రాసుకుని, రాత్రి పక్కకి తిరిగితే ప్రాణం లాగేసే ఆ నొప్పి ఇప్పుడు లేదు. రైతు బజారుకి నడిచి వెళ్లి సంచి మోసుకుని వస్తున్నాను. నాలుగేళ్లు మేడ మొహం చూడనిదాన్ని, వేసవిలో వడియాలు నేనే పైకెళ్లి పెడుతున్నాను (స్టూలు మీద కూర్చునే అనుకోండి).

ఆపరేషన్‌కి పట్టేది గంటా రెండు గంటలు, కాలు వంగడానికి పట్టేది నెలలు. మర్నాడే వాకర్ పట్టించి నడిపించారు, అది తేలికే. ఇంటికొచ్చాక ఫిజియో అబ్బాయి మడమ పట్టుకుని "ఇంకొంచెం అమ్మా, ఇంకొక్క కొంచెం" అంటూ వంచుతుంటే తువ్వాలు పళ్ల మధ్య పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఎడమకాలికి ఓర్చుకున్నాను, 115 డిగ్రీల దాకా వచ్చింది. కుడికాలప్పుడు చిన్నవాడి పెళ్లి పనుల్లో పడి రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ వదిలేశాను, అది 95 దగ్గరే బిగుసుకుపోయింది. తప్పు నాదే. ఇప్పటికీ మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే, పల్లపు సోఫాలో కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి.

నేల మీద కూర్చోవద్దన్నారు. సరే అని తలూపాను గానీ, ఆ ఒక్క మాటతో ఎన్ని పోతాయో అప్పుడు తట్టలేదు. కత్తిపీట అటకెక్కింది. ముగ్గు నడుం వంచి వేస్తే చుక్కలు వంకర పోతున్నాయి, కోడలికి అప్పజెప్పాను. సత్యనారాయణ వ్రతానికి పంతులుగారు కింద, నేను కుర్చీలో, మొదట్లో తల కొట్టేసినట్టుండేది. చుట్టాల ఊరు వెళ్లే ముందు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, వెస్ట్రన్ బాత్రూం ఉందా అని. లేదంటే మడత కమోడ్ కుర్చీ కారు డిక్కీలో పెట్టుకుపోవడమే.

ఇంకొన్ని ఎవరూ ముందు చెప్పలేదు. కోతకి బయటి వైపు అరచేయంత మేర స్పర్శ లేదు, నూనె రాస్తుంటే వేరేవాళ్ల కాలికి రాస్తున్నట్టుంటుంది. చర్మం కింద నరం తెగడం వల్లేనట, చాలామందికి ఉంటుందట. నడుస్తుంటే లోపల టిక్కుమంటుంది, భయపడక్కర్లేదన్నారు. వాపు, వేడి ఏడాది దాకా పూర్తిగా తగ్గలేదు. విమానాశ్రయంలో గేటు దాటితే కుయ్యిమంటుంది.

డబ్బు సంగతి. 2017 ఆగస్టులో కేంద్రం ఈ ఇంప్లాంట్లకి, అంటే లోపల అమర్చే కృత్రిమ మోకాలి కీళ్లకి, గరిష్ఠ ధర పెట్టింది, ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. మాకేమో ఆసుపత్రిలో ప్యాకేజీ అని ఒకటే అంకె రాసిచ్చారు, మా పెద్దవాడు గట్టిగా అడిగితే గానీ విడదీసి చూపించలేదు. మీరు ముందే అడగండి.

మా చెల్లెలు వచ్చే నెల చేయించుకుంటోంది. నా వాకర్ అటక మీంచి దింపించి, అరిగిన రబ్బరు బుష్షులు మార్పించి నిన్ననే పంపాను. తువ్వాలు కూడా పెట్టాను.