క్యాష్ ఆన్ డెలివరీ, యూపీఐ, కార్డు: ఏది మేలు?

గాజువాకలో ఉండే మా పిన్ని ఆన్‌లైన్‌లో ఏం కొన్నా క్యాష్ ఆన్ డెలివరీయే. "వస్తువు చేతికొచ్చాకే డబ్బులు" అంటుంది. మొన్నామధ్య తను ఇంట్లో లేనప్పుడు ఒక పార్సిల్ వచ్చింది. పిన్నిదే అనుకుని బాబాయి 799 ఇచ్చి తీసుకున్నారు. విప్పితే పాత గుడ్డముక్కలు. అసలు ఎవరూ ఆర్డరే పెట్టలేదు! ఈ పద్ధతిలో కార్డు నంబరు ఎవరి చేతికీ చిక్కదు, నిజమే. కానీ పెట్టె విప్పకముందే డబ్బులు ఇచ్చేస్తున్నాం కదా. విప్పి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటేనే పిన్ని మాట చెల్లుతుంది.

యూపీఐ సులువు. చిక్కల్లా పిన్ కొట్టేది మనమే కావడం. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర నచ్చి క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు పంపాక ఆ పేజీయే మాయమైతే, బ్యాంకు "మీరే పంపారు కదా" అంటుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం ఉంది, ఆలస్యమైతే కష్టం. "రీఫండ్ వేస్తాం, పిన్ కొట్టండి" అన్నారంటే మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ఇక కార్డులు. మనకి తెలియకుండా డబ్బు పోయి, తప్పు మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, బ్యాంకు మెసేజ్ వచ్చాక 3 పని దినాల్లో బ్యాంకుకి చెబితే మన మీద భారం పడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి తెలిపేవరకు పోయినదంతా మనదే. ఈ నియమం డెబిట్ కార్డుకీ వర్తిస్తుంది. కానీ అక్కడ ముందు ఖాళీ అయ్యేది మన జీతం ఖాతా. ఈఎంఐ రోజున ఆ టెన్షన్ ఎవరికి కావాలి? క్రెడిట్ కార్డులో గొడవ బిల్లు మీద నడుస్తుంది, వస్తువు రాకపోతే ఛార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి, అడగొచ్చు.

నా ఓటు: తెలిసిన పెద్ద సైటులో చిన్న మొత్తానికి యూపీఐ చాలు. కొత్త సైటైతే క్రెడిట్ కార్డు, అదీ బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ లిమిట్ తగ్గించుకుని. అది లేనివాళ్లకి ఓపెన్ బాక్స్. డెబిట్ కార్డు ఆఖరున.

పిన్నికి ఇదంతా చెబితే "క్రెడిట్ కార్డంటే అప్పే కదరా" అంది. కాదనలేకపోయాను. బాబాయి మాత్రం ఇప్పుడు పార్సిల్ వస్తే ముందు పిన్నికి ఫోన్ చేస్తున్నారు.