కాంటా నుంచి ట్యాలీకి 'ఫుల్ ఆటో మ్యాపింగ్' కొనేముందు జాగ్రత్త

మిర్యాలగూడ, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు రైస్ మిల్లుల అన్నలకు, అకౌంట్స్ చూసే తమ్ముళ్లకు హెచ్చరిక. లారీలు తూచే కాంటా సాఫ్ట్‌వేర్ డేటా, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లోకి, అక్కడి నుంచి జీఎస్టీ పోర్టల్‌లో నమోదయ్యే ఈ-ఇన్‌వాయిస్‌కు దానంతటదే పోతుందని చెప్పి 'ఫుల్ ఆటో మ్యాపింగ్' కనెక్టర్లు, అంటే ఈ సాఫ్ట్‌వేర్లను కలిపే టూల్స్ అమ్ముతున్నారు. డెమోలో పది స్లిప్పులు చకచకా ఎక్కుతాయి. వడ్ల సీజన్ మొదలయ్యాక తప్పులు బయటపడతాయి, అప్పటికి పైసలు కట్టేసి ఉంటారు.

మ్యాపింగ్ అంటే ఇక్కడి ఏ గడి అక్కడి ఏ గడిలోకి పోవాలి, పోయేటప్పుడు ఎట్లా మారాలి అనే లెక్క. ఈ టూల్స్ ఎక్కువగా చూసేది పేర్లు దగ్గరగా ఉన్నాయా అని. బస్తాకు బ్యాగ్ దొరికితే కలిపేస్తాయి. ఆ బస్తాలో ఎన్ని కిలోలో వాటికేం తెలుసు? మన వడ్ల బస్తా 40 కిలోలు, టూల్‌లో ముందే పెట్టిన బ్యాగ్ 50 కిలోలు అనుకోండి. 630 బస్తాల లారీ కాంటా మీద 252 క్వింటాళ్లు తూగితే, స్టాకులో 315 పడుతుంది. లేని 63 క్వింటాళ్ల వడ్లకు సీఎంఆర్ (సర్కారు వడ్లు మరపట్టి బియ్యం తిరిగి ఇచ్చే పద్ధతి) కింద రా రైస్ (పచ్చి బియ్యం) 67 శాతం చొప్పున 42 క్వింటాళ్ల పైచిలుకు బియ్యం మీరు బాకీ ఉన్నట్టు పుస్తకంలో కనబడుతుంది. అందుకే బరువును బస్తాల మీద లెక్కగట్టనే వద్దు. కాంటా నికర బరువు కిలోల్లో తీసుకొని, క్వింటాళ్ల కోసం 100తో భాగించమనండి. బస్తాల సంఖ్య హమాలీ లెక్కకు విడిగా పోనీయండి.

తేదీలది ఇంకా దొంగదెబ్బ. కాంటా 03/04/2025 అని రాస్తే అది ఏప్రిల్ 3. నెలను ముందు చదివే టూల్‌కు అది మార్చి 4, అంటే పోయిన ఆర్థిక సంవత్సరం. 13 నుంచి 31 వరకు తేదీలు చదవరాక రిజెక్ట్ అవుతాయి కాబట్టి కంటపడతాయి. 12 వరకు ఉన్నవి చప్పుడు చేయకుండా తారుమారవుతాయి.

పార్టీ పేర్లతో జతచేయడం అసలు ఒప్పుకోవద్దు. మన దగ్గర శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్ ఊరికొకటి. కోదాడలో ఒకరు, జగ్గయ్యపేటలో ఒకరు ఉంటే టూల్ ఇద్దరినీ ఒకే లెడ్జర్‌లో (ఖాతాలో) వేస్తుంది. జీఎస్టీ నంబర్ మొదటి రెండంకెలు తెలంగాణకు 36, ఆంధ్రకు 37. ఆ అంకెలు మారితే రాష్ట్రంలోపలి అమ్మకానికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాల్సిన చోట, వేరే రాష్ట్రానికి అమ్మితే పడే ఐజీఎస్టీ పడుతుంది. 15 అక్షరాల జీఎస్టీ నంబర్‌తోనే జతచేయాలి, అది లేని రైతుకు మీరిచ్చిన కోడ్‌తో.

సరుకుకూ అంతే. లేబుల్ వేసి ప్యాక్ చేసిన 25 కిలోల సంచికి 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ, 26 కిలోల సంచికి లేదు. రెండింటి హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్టీలో సరుకు కోడ్) 1006తోనే మొదలవుతుంది కాబట్టి ఐటెం కోడ్‌తో పాటు సంచి బరువు కూడా చూడాలి. తప్పు బిల్లుకు ఐఆర్‌ఎన్ (ఈ-ఇన్‌వాయిస్ నమోదు నంబర్) వచ్చేస్తే రద్దుకు 24 గంటలే గడువు, దాటితే బిల్లు మొత్తం తగ్గించే క్రెడిట్ నోట్ ఇచ్చుకోవాల్సిందే.

మరి ఏది కొనాలి? పూర్తిగా కోడ్ రాయించుకుంటే పని బాగానే నడుస్తుంది, కానీ రాసిన పిల్లగాడు ఉద్యోగం మారితే చిన్న మార్పుకూ దిక్కుండదు. మిల్లు స్థాయికి తెర మీద గీతలు లాగి గడులు కలిపే సెమీ ఆటో టూల్ చాలు. అది జోడీలు సూచించాలి, మీ అకౌంటెంట్ ఒప్పుకున్నాకే సేవ్ కావాలి. మ్యాపింగ్ మొత్తం ఎక్సెల్‌లోకి దిగాలి. దిగదు అంటే కొనకండి, రేపు వేరే టూల్‌కు మారాలంటే మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

అడ్వాన్స్ ఇచ్చేముందు వాళ్ల శాంపిల్ కాదు, మీ ఏప్రిల్ నెల డేటా ఎక్కించమనండి. స్లిప్పుల సంఖ్య, కిలోలు, రూపాయలు మూడూ కాంటా రిజిస్టర్‌తో పైసా తేడా లేకుండా కలవాలి. తర్వాత అదే ఫైలు రెండోసారి ఎక్కించండి. ఒక్క వోచర్ (ట్యాలీ ఎంట్రీ) పెరిగినా, ఒకే స్లిప్పు రెండుసార్లు పడుతున్నట్టే, టూల్ పనికిరాదు. స్లిప్ నంబర్ ఏటా 1 నుంచి మొదలవుతుంది కాబట్టి కాంటా నంబర్, తేదీ, స్లిప్ నంబర్ మూడూ కలిపి ఒక్కో స్లిప్పుకు గుర్తుగా పెట్టించాలి.

ఇప్పటికే కొన్నవాళ్లు ట్యాలీ డేబుక్‌లో (రోజువారీ ఎంట్రీల పుస్తకం) అన్ని నెలల 4వ తేదీ ఎంట్రీలు తెరిచి చూడండి. ఏప్రిల్ మొదటి 12 రోజుల స్లిప్పులు తారుమారై ఉంటే జనవరి నుంచి డిసెంబర్ దాకా ఆ 4వ తేదీల్లోనే దొరుకుతాయి.