బాఫిల్ పీకేసి మళ్లీ బిగించాక తెలిసింది

పొగను పెద్దగా అడ్డుకోకుండా వదిలే ఈ ఫ్రీ ఫ్లో సైలెన్సర్ నా బండికి పెట్టి రెండేళ్లు దాటింది. సింగిల్ సిలిండర్, కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండి. వెల్డింగు, పాలిష్ బాగానే ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాయాలనుకున్నదల్లా దాని చివర ఒక్క బోల్టుతో నిలిచే బాఫిల్ గురించి. సౌండు తగ్గించే, జానెడు కూడా లేని ఆ చిల్లుల గొట్టం మీద నాకిప్పుడు చాలా గౌరవం.

సైలెన్సర్ కొన్న వారానికే దాన్ని పీకేశాను. సౌండు గంభీరంగా మారింది, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే పై స్పీడులో బండి బాగా లాగింది. పవర్ పెరిగిందని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. అందులో సగం సౌండు కలిగించిన నమ్మకమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒక ఎత్తు రోడ్డు మీద అసలు సంగతి బయటపడింది. వెనక మనిషి, పైన సామాను. ఎప్పుడూ నాలుగో గేర్లో ఎక్కే చోట బండి ఉసూరుమంది. ప్రతి మలుపులోనూ మూడుకి దించాల్సి వచ్చింది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే టపటపా పేలుళ్లు. ఇంటికొచ్చి స్పార్క్ ప్లగ్ విప్పితే, లేత గోధుమ రంగులో ఉండాల్సిన పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంది. గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదన్నమాట.

కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలైన మెయిన్ జెట్, పైలట్ జెట్ ఒక్కో సైజు పెంచాను. మధ్య స్పీడులో పెట్రోలు ఇంకాస్త వచ్చేలా నీడిల్ (సూది) క్లిప్పు ఒక గాడి కిందికి మార్చాను. పేలుళ్లు తగ్గాయి, ప్లగ్ రంగు కుదిరింది. మధ్య స్పీడులో ఆ నీరసం మాత్రం అలాగే ఉండిపోయింది. చివరికి, పెద్దగా ఆశ లేకుండానే, జెట్లు పాతవి పెట్టి బాఫిల్ మళ్లీ బిగించాను. అదే రోడ్డు, అంతే బరువు. నాలుగో గేర్లోనే పైదాకా ఎక్కేసింది! ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

కారణం ఇది. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే పొగతో పాటు ఒక ఒత్తిడి అల గొట్టంలో పరుగెడుతుంది. తెరిచి ఉన్న కొసకు చేరగానే తిరగబడి, లాగే అలగా వెనక్కొస్తుంది. గాలి లోపలికొచ్చేదీ, పొగ బయటికి పోయేదీ రెండు వాల్వులూ కాస్త కాస్త తెరిచి ఉన్న ఆ క్షణానికి అది సిలిండర్ దగ్గరికి వస్తే, మిగిలిన పొగను ఊడ్చి కొత్త గాలి-పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. వేళ తప్పితే పొగ తిరిగి లోపలికే పోతుంది. గొట్టం బోసిగా ఉంటే ఈ అలలు బలంగా ఉంటాయి కాబట్టి, ఒక స్పీడులో చేసిన మేలుకు ఇంకో స్పీడులో అంత కీడూ చేస్తాయి. బాఫిల్ ఆ ఎగుడుదిగుళ్లను మెత్తబరుస్తుంది. ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురొత్తిడి) కావాలని చాలామంది అంటారు, నేనూ అనేవాణ్ణి. ఎదురొత్తిడి ఎప్పుడూ భారమే, మేలు చేసేది వేళకు వచ్చే అల.

ఇబ్బందులు లేకపోలేదు. వైబ్రేషన్‌కి బోల్టు రెండుసార్లు వదులై గలగలమంది. ఏడాదిన్నరకి సౌండు పీల్చే గ్లాస్ వూల్ (గాజు పీచు) కాలిపోయి సౌండు కీచుగా మారితే కొత్తది చుట్టాల్సి వచ్చింది. పై స్పీడులో కొంత ఊపు తగ్గిన మాటా నిజమే.

నేను నడిపేది ఎక్కువగా ఇద్దరం కూర్చుని, మధ్య స్పీడుల్లో. అందుకే నా బాఫిల్ ఇక ఊడదు. ఎప్పుడూ ఒంటరిగా, ఇంజిన్‌ని పై దాకా తిప్పుతూ నడిపేవాళ్లకు, జెట్లు మార్చుకునే ఓపిక ఉంటే, బాఫిల్ లేకుండానే నచ్చవచ్చు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ ఉన్న ఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మే) బండి నిలకడ స్పీడులో మిశ్రమాన్ని తానే సర్దుకుంటుంది గానీ, అల వచ్చే వేళను అది మార్చలేదు.